వెబ్‌సైటు పని బయటివాళ్లకు అప్పగించాం, దుకాణం తాళాలు కూడా వాళ్ల దగ్గరే ఉండిపోయాయి

కాళహస్తి_కలంకారీ · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది శ్రీకాళహస్తి. మా మామగారి కాలం నుంచి ఇంట్లో కలంకారీ పని నడుస్తోంది. ఇప్పుడు నేనూ మా ఆయనా, ఇంకో నలుగురు పనివాళ్లూ కలిసి చీరలు, దుపట్టాలు, గోడకు వేసే బొమ్మల గుడ్డలు చేస్తున్నాం. మా దగ్గర కొనేవాళ్లలో ఎక్కువమంది గుడికి వచ్చిన యాత్రికులే. దర్శనం చేసుకుని ఒక దుపట్టా కొనుక్కుని పోతారు, ఊరికి వెళ్లాక అలాంటిదే ఇంకొకటి కావాలని ఫోన్ చేస్తారు. వాళ్ల కోసమే మూడేళ్ల క్రితం వెబ్‌సైటు పెట్టించాం.

తిరుపతిలో ఇద్దరు కుర్రవాళ్లు నడిపే ఒక చిన్న సంస్థకు ఆ పని అప్పగించాం. సైటు తయారుచేసినందుకు ఒకేసారి 35,000 రూపాయలు, ఆ తరువాత నెలకు 3,000 చొప్పున ఇచ్చాం. సరుకు ఎక్కించడం, ఫోటోలు సరిచేయడం, ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూడటం, ఆర్డరు వస్తే మాకు వాట్సాప్‌లో చెప్పడం, అంతా వాళ్లే చూసుకున్నారు. రెండేళ్లకు పైగా ఏ ఇబ్బందీ రాలేదు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది.

గత నెల 11వ తేదీ ఉదయం సైటు తెరుచుకోలేదు. ఫోన్ చేస్తే ఎవరూ తీయలేదు. ఆరా తీస్తే సంస్థ మూతపడిందనీ, మాతో మాట్లాడే అబ్బాయి బెంగళూరులో ఉద్యోగంలో చేరాడనీ తెలిసింది. డొమైన్ పేరు, అంటే సైటు చిరునామా, అతని పేరు మీద ఉంది, సైటును నెట్‌లో ఉంచే హోస్టింగ్ అతని ఖాతాలో ఉంది, ఇన్‌స్టాగ్రామ్ పేజీ అతని ఈమెయిల్‌తో తెరిచి ఉంది. మూడేళ్లలో కొన్నవాళ్ల చిరునామాలన్నీ సైటులోనే ఉండిపోయాయి. మా దగ్గర మిగిలినవి నేను నోటు పుస్తకంలో రాసుకున్న అరవై పేర్లు మాత్రమే.

నాకు రెండు సంగతులు తెలియాలి. ఆ డొమైన్ పేరును తిరిగి తెచ్చుకునే దారి ఉందా? ఉంటే, ఈసారి పనిని మళ్లీ బయటికి ఇవ్వాలా, లేక మేమే నేర్చుకుని చేసుకోవాలా? మాకు బొమ్మ గీయడం వచ్చు, రంగు వేయడం వచ్చు, కంప్యూటరు పని అంతగా రాదు.

తిరుపతి_వెబ్‌పని · సోమవారం, రాత్రి 10:25

అక్కా, ముందు మొదటి ప్రశ్న చూద్దాం, ఎందుకంటే దానికి గడువు ఉంది. మీ డొమైన్ డాట్ కామ్ అయితే, 11వ తేదీన దాని సంవత్సరం పూర్తయి, రుసుము కట్టకపోవడం వల్ల ఆగిపోయి ఉంటుంది. ఆగిన వెంటనే పేరు చేజారిపోదు. మొదట కొన్ని రోజులు మామూలు రుసుముతోనే తిరిగి కట్టుకోవచ్చు. అది ఎన్ని రోజులన్నది పేరు నమోదు చేసిన సంస్థను, అంటే రిజిస్ట్రార్‌ను బట్టి మారుతుంది, గరిష్ఠంగా 45 రోజులు. అది దాటితే పేరును విడిపించుకునే 30 రోజుల విమోచన గడువు మొదలవుతుంది, అప్పుడు మామూలు రుసుముకు అనేక రెట్లు అడుగుతారు. దాని తరువాత ఐదు రోజులు ఎవరికీ అందదు, ఆపైన ప్రపంచంలో ఎవరైనా కొనుక్కోవచ్చు. డాట్ ఇన్ పేర్ల గడువులు వేరుగా ఉండవచ్చు, కాబట్టి మీ పేరు చివర ఏముందో చెప్పండి.

ఆ అబ్బాయితో గొడవకు దిగకండి. డొమైన్ ఏ రిజిస్ట్రార్ దగ్గర ఉందో చూసి, అదే రిజిస్ట్రార్ దగ్గర మీ పేరుతో, మీ ఫోన్ నంబరుతో ఒక ఖాతా తెరవండి. రుసుము మీరే కడతామని చెప్పి, అతని ఖాతాలో నుంచి మీ ఖాతాలోకి పేరు మార్చమని అడగండి. ఒకే రిజిస్ట్రార్ లోపల మార్చడం అతనికి ఐదు నిమిషాల పని. వేరే రిజిస్ట్రార్‌కు తీసుకుపోవాలంటే బదిలీ కోడ్ కావాలి, ఒక్కోసారి 60 రోజులు ఆగాల్సి వస్తుంది.

నేను కూడా ఇదే వృత్తిలో ఉన్నాను కాబట్టి ఒక మాట చెప్పాలి. పేరు మా ఖాతాలో ఉండిపోవడానికి ప్రతిసారీ దురుద్దేశం కారణం కాదు. పని మొదలుపెట్టే రోజు యజమాని దగ్గర కార్డు ఉండదు, ఓటీపీ చెప్పడానికి భయపడతారు, చివరికి 'అంతా నువ్వే చూసుకో నాయనా' అంటారు. మేము మా కార్డుతో కొనేస్తాం. తరువాత మార్చుదామనుకుంటాం, ఆ తరువాత అనేది రాదు.

పాకాల_తాండ్ర · మంగళవారం, ఉదయం 7:15

కాళహస్తి చెల్లెలు రాసింది చదివి రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు, ఎందుకంటే మా ఇంట్లో జరిగింది దీనికి దగ్గరగానే ఉంది.

మేము మామిడి తాండ్ర, ఆవకాయ చేస్తాం. దామలచెరువు మార్కెట్ మాకు పక్కనే కాబట్టి కాయకు కొరత లేదు. సొంత సైటు జోలికి పోకుండా, పెద్ద ఆన్‌లైన్ అంగళ్లలో అమ్ముకునే పనిని ఒక ఏజెన్సీకి అప్పగించాం. వాళ్లు అమ్మకంలో నూటికి ఎనిమిది తీసుకునేవారు. మొదటి రోజే మా ఆయన పట్టుబట్టి విక్రేత ఖాతాను మా ఫోన్ నంబరుతో, మా బ్యాంకు ఖాతాతోనే తెరిపించారు. ఏజెన్సీవాళ్లకు లోపల వేరే యూజర్‌గా మాత్రమే అనుమతి ఇచ్చాం. అందుకే వాళ్లతో చెడినప్పుడు ఒక్క బటన్‌తో తీసేయగలిగాం.

చెడింది ఎక్కడంటే, సరుకు వివరాల దగ్గర. తాండ్ర నిల్వ ఉండే కాలం వాళ్లకు తోచినట్టు పన్నెండు నెలలని నింపారు. మేము అట్ట మీద వేసేది ఆరు నెలలు. తినే సరుకును ఆన్‌లైన్‌లో అమ్మితే, కొన్నవారి చేతికి అందే రోజుకు నిల్వ కాలంలో కనీసం 30 శాతం కానీ 45 రోజులు కానీ మిగిలి ఉండాలని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెబుతోంది. మా తాండ్ర గోదాములో నాలుగున్నర నెలలు కూర్చుని, సైటు లెక్కలో ఇంకా ఏడున్నర నెలలు ఉన్నట్టు కనబడుతూ పోయింది. హైదరాబాదులో ఒకావిడ అట్ట వెనక తేదీ ఫోటో తీసి పెట్టింది. ఆవిడ తప్పేమీ లేదు. తప్పు ఏజెన్సీ చేసింది, కానీ అట్ట మీద ఉన్న 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు మాది, చిరునామా మాది, అడిగేవాళ్లు మమ్మల్నే అడుగుతారు.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. సరుకు గురించిన ప్రతి అక్షరమూ, అంటే తూకం, తేదీ, అందులో కలిపే దినుసులు, అన్నీ మేమే రాసి ఇస్తాం. వాళ్లు ఎక్కించాక మా అమ్మాయి ఫోన్‌లో తెరిచి అట్ట పక్కన పెట్టుకుని చదివి చూస్తుంది.

మాధవమాల_కొయ్యబొమ్మలు · మంగళవారం, ఉదయం 11:50

నా అభిప్రాయం వేరుగా ఉంది, పెద్దవాళ్లు ఏమీ అనుకోకండి. మనలాంటి చేతిపనివాళ్లకు ఈ వెబ్‌సైట్లు, నెలనెలా రుసుములు అవసరమే లేదని నేను అనుకుంటున్నాను. మాది ఏర్పేడు పక్కన మాధవమాల. ఊరంతా కొయ్య చెక్కే పనే. నాకు వచ్చే ఆర్డర్లలో సగానికి పైగా ఇంతకుముందు కొన్నవాళ్లు వాట్సాప్‌లో చెప్పి పంపినవే. యూపీఐతో డబ్బు పడుతుంది, దానికి మన దగ్గర ఎవరూ కమీషన్ పట్టరు. ఇంక మధ్యలో ఇంకొకరు దేనికి?

నేను కూడా ఒకసారి బయటివాళ్లకు ఇచ్చి చూశాను. కొరియర్ ఏర్పాటుతో సహా వాళ్లే చూస్తామన్నారు. రెండడుగుల లోపు వినాయకుడి బొమ్మ, తూకం మూడు కిలోలు ఉంటుంది. వాళ్లు సైటులో మూడు కిలోలని పెట్టి దాని ప్రకారమే రవాణా ఖర్చు వసూలు చేశారు. కొరియర్ సంస్థ పెట్టె కొలత చూసి బిల్లు వేసింది. పొడవు 40, వెడల్పు 30, ఎత్తు 30 సెంటీమీటర్లు, మూడింటినీ గుణించి 5,000తో భాగిస్తే 7.2 కిలోలు అయింది. ఒక్కో బొమ్మకు 4.2 కిలోల రవాణా తేడా నా జేబులో నుంచి పోయింది. ఇలా తొమ్మిది బొమ్మలు పోయాక కానీ నాకు తెలియలేదు, ఎందుకంటే కొరియర్ బిల్లులు వాళ్ల ఈమెయిల్‌కు వచ్చేవి.

చిత్తూరు_లెక్కలు · మంగళవారం, మధ్యాహ్నం 3:10

నేను చిత్తూరులో చిన్న వ్యాపారాల లెక్కలు రాస్తాను. మాధవమాల అన్న చెప్పింది చేతిపనికి కొంతవరకు సరిపోతుందేమో కానీ, పాకాల అక్క లాంటి వాళ్లకు సరిపోదు. పైగా ఈ చర్చలో ఇంకా ఎవరూ పన్ను సంగతి ఎత్తలేదు, అసలు చిక్కులు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

మన జిల్లాలకు ఒక ప్రత్యేకత ఉంది. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం, కుప్పం నుంచి కోలారు జిల్లా సరిహద్దు ఇంకా దగ్గర, తిరుపతి నుంచి చెన్నై మూడు నాలుగు గంటలు. విశాఖపట్నం మాత్రం ఒక రాత్రి ప్రయాణం. కొనేవాళ్లు సహజంగా పొరుగు రాష్ట్రాల్లోనే ఎక్కువగా ఉంటారు. మన రాష్ట్రం లోపలే, ఏడాది అమ్మకం పరిమితి దాటకుండా, ఆన్‌లైన్ అంగడి ద్వారా అమ్ముకునే చిన్న వ్యాపారికి 2023 అక్టోబరు 1 నుంచి జీఎస్టీ నమోదు లేకుండా ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో అమ్ముకునే వెసులుబాటు ఇచ్చారు. తాండ్ర, పచ్చళ్లు, బెల్లం లాంటి సరుకు ఆ అంగడి ద్వారా రాష్ట్రం దాటితే ఆ వెసులుబాటు వర్తించదు, ఒక్క పొట్లం అమ్మినా నమోదు ఉండాల్సిందే. ఏజెన్సీవాళ్లు 'నంబరు లేకపోయినా పరవాలేదు' అని చెప్పి ఖాతా తెరిపించి, తరువాత దేశమంతటా అమ్మకం తెరిచేసిన సందర్భాలు నా దగ్గరికి వచ్చాయి.

రెండోది, అంగడివాళ్లు మన డబ్బులో టీసీఎస్, అంటే అమ్మకం దగ్గరే పట్టే పన్ను, పట్టుకుంటారు. 2024 జులై 10 నుంచి అది అర శాతం. అది పోయిన డబ్బు కాదు. జీఎస్టీ పోర్టల్‌లో టీసీఎస్ జమలు చూపే చోట మనం ప్రతిసారీ ఒప్పుకుని ఫారం దాఖలు చేస్తేనే మన నగదు లెడ్జరులోకి చేరుతుంది. ఏజెన్సీ అది లెక్కలవాళ్ల పని అనుకుంటుంది, లెక్కలవాళ్లు ఏజెన్సీ చేస్తోందనుకుంటారు. ఒక బెల్లం వ్యాపారికి పద్నాలుగు నెలల టీసీఎస్ ఎవరూ ముట్టుకోకుండా అలాగే ఉండిపోయింది. పని బయటికి ఇచ్చేటప్పుడు ఎవరి పని ఎక్కడ ఆగుతుందో, పక్కవాడి పని ఎక్కడ మొదలవుతుందో రాసుకోకపోతే ఆ మధ్య సందులోనే డబ్బు జారిపోతుంది.

కాళహస్తి_కలంకారీ · మంగళవారం, రాత్రి 8:30

అందరికీ ధన్యవాదాలు. మాది డాట్ కామ్. వెబ్‌పని తమ్ముడు చెప్పినట్టు ఆ అబ్బాయికి గొడవ లేకుండా మెసేజి పెట్టాను, ఇంకా చూడలేదు.

పాకాల అక్క రాసిన వివరాల సంగతి చదివాక నేను చెప్పుకోని ఒక విషయం చెప్పాలనిపించింది. మా సైటు బాగానే నడిచిందని మొదట రాశాను కానీ, వచ్చిన ఆర్డర్లలో తిరిగి వచ్చినవి తక్కువేమీ కావు. కారణం ఏమిటో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మా గుడ్డను మొదట కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతాం. అప్పుడు దానికి లేత పసుపు ఛాయ వస్తుంది. పాలలోని జిడ్డు వల్ల కలంతో గీసిన గీత పక్కకు పాకదు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో కొన్ని వారాలు ఊరబెట్టిన ద్రావకంతో గీస్తే, అది కరక్కాయ తగిలిన గుడ్డ మీద నల్లగా తేలుతుంది. గీసేటప్పుడు ఆ నీళ్లు పలుచగానే ఉంటాయి, చూస్తూ ఉండగానే గీత చిక్కబడుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు రాస్తాం. మధ్య మధ్యలో పారే నీళ్లలో ఉతకాలి, స్వర్ణముఖిలో నీళ్లు ఉన్న రోజుల్లో అక్కడే ఉతికేవాళ్లం. నీటిని బట్టి, ఎండను బట్టి ఒకే చేతితో వేసిన రెండు దుపట్టాల ఎరుపు ఒకటిగా ఉండదు.

మేము పంపిన ఫోటోలను ఆ అబ్బాయిలు అందంగా ఉండాలని వెలుగు పెంచి, ఆ పసుపు ఛాయను తీసేసి, గుడ్డను తెల్లగా మార్చారు. ఎరుపు కుంకుమలా మెరిసేలా చేశారు. తెరిచి చూసినవాళ్లకు గుడ్డ పాతబడినట్టు, మాసినట్టు అనిపించింది. ఆ పసుపే ఇది చేతిపని అనడానికి గుర్తు అని చెప్పే ఒక్క వాక్యం సైటులో ఎక్కడా లేదు. ఇంకా బాధ కలిగించిన సంగతి ఏమిటంటే, వివరాల్లో 'బ్లాక్ ప్రింట్' అని రాశారు. అచ్చు దిమ్మెలతో వేసేది మచిలీపట్నం పద్ధతి, అది వేరే అందం. మాది కలంతో గీసేది, 2005-06లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా శ్రీకాళహస్తి కలంకారీ అన్న పేరుతోనే. ఎక్కడి నుంచో వాక్యాలు తెచ్చి అతికించినవాళ్లకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? మేము చెప్పలేదు, వాళ్లు అడగలేదు.

తిరుపతి_వెబ్‌పని · మంగళవారం, రాత్రి 9:05

అక్కా, ఫోటోల గురించి ఒక చిన్న మాట. వాట్సాప్‌లో మామూలుగా ఫోటో పంపితే అది కుదించి పంపుతుంది, రంగు వివరం కొంత అక్కడే పోతుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఫోటో తీసేటప్పుడు గుడ్డ అంచున ఒక తెల్ల కాగితం పెట్టి మొదటి ఫోటో తీయండి. సరిచేసేవాళ్లు ఆ కాగితాన్ని తెల్లగా చేసుకుంటే మీ పసుపు దానంతట అదే నిజమైన పసుపుగా నిలబడుతుంది.

కుప్పం_పట్టు · బుధవారం, ఉదయం 6:55

నాదొక చిన్న ప్రశ్న. నెలకు 3,000 రూపాయలకు ఇన్ని పనులు చేస్తామని ఒప్పుకోవడమే ఈ చిక్కుకు మూలం కాదా? ఆ డబ్బుతో ఇద్దరు మనుషులు ఎలా బతుకుతారు?

చిత్తూరు_కోర్టు · బుధవారం, ఉదయం 10:30

చిత్తూరులో న్యాయవాదిగా పనిచేస్తున్నాను. చాలామంది అడగని, అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. డబ్బు ఇచ్చి చేయించుకున్న పని ఎవరిది?

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, జీతానికి పెట్టుకున్న ఉద్యోగి మన పనిలో భాగంగా రాసినది సాధారణంగా మనదే. బయటి మనిషికి కాంట్రాక్టు ఇచ్చి రాయించుకున్న ప్రోగ్రామ్, వివరణల వాక్యాలు మాత్రం, డబ్బు మనమే ఇచ్చినా, రాసిన మనిషివే. అతను సంతకం చేసి రాతపూర్వకంగా అప్పగిస్తేనే మనవి అవుతాయి. ఆ కాగితంలో ఎంతకాలానికి అన్నది రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా తీసుకుంటుంది. ఏ ప్రాంతానికి అన్నది రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. బయటి దేశాలవాళ్లకు అమ్మాలనుకునేవాళ్లు ఆ ఒక్క మాట మరచిపోకూడదు. ఫోటోలకు మాత్రం నియమం వేరు. మనం డబ్బు ఇచ్చి తీయించుకున్న ఫోటో, వేరే ఒప్పందం లేనప్పుడు, మనదే. కలంకారీ అక్క తన ఫోటోలను, సరిచేయకముందు ఉన్నవాటిని కూడా, నిరభ్యంతరంగా అడగవచ్చు.

కొన్నవాళ్ల పేర్లు, చిరునామాల సంగతి ఇంకా బరువైనది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, ఆ వివరాలను బయటి సంస్థ చేత నడిపించినా బాధ్యత వ్యాపారిదే. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధానమైన బాధ్యతలు అమలులోకి రావడానికి పద్దెనిమిది నెలల వ్యవధి ఇచ్చారు. భద్రతలో నిర్లక్ష్యానికి చట్టం పెట్టిన గరిష్ఠ జరిమానా 250 కోట్లు. చిన్న దుకాణానికి అంత వేస్తారని నేను అనడం లేదు, కానీ ఆ జాబితా ఎవరి కంప్యూటర్లో ఉందో తెలియకుండా కూర్చునే రోజులు అయిపోయాయని మాత్రం చెప్పగలను. పని ముగిసిన రోజు జాబితాను తిరిగి ఇచ్చి, తమ దగ్గరి ప్రతిని చెరిపేస్తామని ఒక పంక్తి ఒప్పందంలో ఉండాలి.

తిరుపతి_వెబ్‌పని · బుధవారం, మధ్యాహ్నం 1:20

కుప్పం అన్న అడిగింది న్యాయమైన ప్రశ్న. 3,000కు సైటును కాపాడటం, వారానికి ఒకసారి నకలు తీసి పెట్టడం, నెలకు ఐదారు సరుకులు ఎక్కించడం వరకు చేయగలం. రోజూ ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టులు, కొన్నవాళ్లకు జవాబులు, కొరియర్ తగాదాలు, ఇవన్నీ ఆ డబ్బులో కుదరవు. ఒప్పుకునేవాళ్లు రెండేళ్లు లాగి, తరువాత మంచి ఉద్యోగం దొరకగానే వెళ్లిపోతారు. కలంకారీ అక్క విషయంలో జరిగింది అదే అనుకుంటున్నాను.

న్యాయవాది గారు చెప్పిన దానికి ఒకటి చేర్చాలి. చిన్న దుకాణాల సైట్లు చాలావరకు వర్డ్‌ప్రెస్, వూకామర్స్ అనే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ మీదే కడతాం. వాటి ప్రోగ్రామ్ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, దాని మీద నాకూ హక్కు ఉండదు, మీకూ ఉండదు. నేను మీ కోసం ప్రత్యేకంగా రాసిన భాగానికే అప్పగింత కాగితం కావాలి. ఈ తేడా తెలియక, కొందరు యజమానులు 'సైటు మొత్తం మా పేరు మీద రాయి' అని వాదిస్తారు, పని అక్కడే చెడుతుంది.

మా వైపు కష్టం కూడా ఒకటి చెబుతాను. పని పూర్తయ్యాక సగం డబ్బు నెలల తరబడి ఆగిపోవడం మాకు మామూలైపోయింది. తాళాలు మా దగ్గర ఉంచుకుంటే డబ్బు వస్తుందని ఆశపడేవాళ్లు అందుకే ఉంటారు. అది తప్పు, నేను సమర్థించను. కేంద్ర ప్రభుత్వపు ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థకు రాతలో ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. నేను పని మొదటి రోజే తాళాలన్నీ యజమాని పేరు మీద పెట్టిస్తాను, డబ్బును మూడు భాగాలుగా తీసుకుంటాను. అలా చేసినప్పటి నుంచి ఇరుపక్షాల మధ్య మాట పెరగలేదు.

మాధవమాల_కొయ్యబొమ్మలు · బుధవారం, సాయంత్రం 6:40

వెబ్‌పని తమ్ముడు సూటిగా రాసినందుకు సంతోషం. నేను ముందు అన్న మాటలో కొంత సరిచేసుకుంటున్నాను. నా తొమ్మిది బొమ్మల నష్టం సైటు పెట్టుకోవడం వల్ల రాలేదు, పెట్టె కొలత ఎవరూ తీయకపోవడం వల్ల వచ్చింది. కొలిచే టేపు నా చేతిలోనే ఉంది, వాళ్లు అడగలేదని నేను చెప్పలేదు. అయినా వాట్సాప్ దారి నాకు చాలు అన్న మాట మీద ఉన్నాను. నెలకు పది పన్నెండు బొమ్మలకు మించి నా చేతులు చెక్కలేవు. చేయగలిగిన దానికంటే ఎక్కువ ఆర్డర్లు తెచ్చే ఏర్పాటుకు నెలనెలా డబ్బు ఎందుకు కట్టాలి? పాకాల అక్కకు కాయ ఉన్నన్ని రోజులు సరుకు పెంచుకోవచ్చు, ఆవిడ లెక్క వేరు.

పాకాల_తాండ్ర · బుధవారం, రాత్రి 8:10

అవును తమ్ముడూ, నీ లెక్క నీకు సరైనదే. కానీ ఒకటి చేసి పెట్టుకో. నీ వాట్సాప్ నంబరులో ఉన్న కొనుగోలుదారుల పేర్లను నెలకొకసారి ఇంకొక చోట రాసి దాచుకో. ఫోన్ పోతే నీకూ కాళహస్తి చెల్లెలి గతే పడుతుంది.

కాళహస్తి_కలంకారీ · శుక్రవారం, మధ్యాహ్నం 12:15

నిన్న సాయంత్రం ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. కొత్త ఉద్యోగంలో పడి పాత ఈమెయిల్ చూడటం మానేశాడట, డొమైన్ గడువు హెచ్చరికలన్నీ దానికే వచ్చాయి. చాలా నొచ్చుకున్నాడు. గడువు ఇంకా మొదటి దశలోనే ఉంది కాబట్టి మామూలు రుసుమే అయింది. నా పేరుతో ఖాతా తెరిచి, అతను అటు, నేను ఇటు ఫోన్‌లో మాట్లాడుకుంటూనే పేరును మార్చుకున్నాం. హోస్టింగ్‌లో పాత నకలు ఉండటంతో ఆర్డర్ల జాబితాను ఒక ఫైలుగా తీసి పంపాడు, 412 ఆర్డర్లు ఉన్నాయి. తన దగ్గరి ప్రతిని చెరిపేసినట్టు న్యాయవాది గారు చెప్పిన పద్ధతిలో ఈమెయిల్ రాసి ఇచ్చాడు. ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఒక్కటి ఇంకా నా చేతికి రాలేదు, ఆదివారం కూర్చుని చేద్దామన్నాడు.

రెండో ప్రశ్నకు ఇంట్లో మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చాం. సైటును కాపాడే పని, నకళ్లు తీసే పని బయటికే ఇస్తాం, అది మా వల్ల కాదు. పేరు, బ్యాంకు, పేజీలు, విక్రేత ఖాతాలు అన్నీ నా ఫోన్ నంబరు మీద ఉంటాయి, పని చేసేవాళ్లకు లోపల అనుమతి మాత్రం ఇస్తాం. ప్రతి గుడ్డ గురించిన రాత నేనే రాస్తాను. నిన్న రాత్రి మొదటిది రాశాను, మీరు చదివి చెప్పండి: 'ఈ గుడ్డకు ఉన్న లేత పసుపు కరక్కాయ, పాలు ఇచ్చిన రంగు. ఉతికిన కొద్దీ కొంత తగ్గుతుంది. నలుపు గీతలు కలంతో గీసినవి, అందుకే ఎక్కడైనా సన్నగా, ఎక్కడైనా లావుగా ఉంటాయి. మీకు చేరే దుపట్టా ఎరుపు ఈ ఫోటోలోని ఎరుపు కంటే ఒక ఛాయ అటూ ఇటూ ఉండవచ్చు.'

చిత్తూరు_లెక్కలు · శుక్రవారం, మధ్యాహ్నం 2:00

చదివాను అక్కా. ఏమీ మార్చవద్దు. పొడవు, వెడల్పు మీటర్లలో చేర్చండి చాలు.

తిరుపతి_వెబ్‌పని · శుక్రవారం, రాత్రి 9:30

మంచి వార్త అక్కా. ఒక్క సంగతి ఈ రాత్రే చూసుకోండి. రిజిస్ట్రార్ దగ్గర తెరిచిన కొత్త ఖాతాకు ఏ ఈమెయిల్ ఇచ్చారు? మీ సైటు పేరుతోనే ఉన్న ఈమెయిల్ ఇచ్చి ఉంటే మార్చేయండి. మళ్లీ ఎప్పుడైనా డొమైన్ ఆగిపోతే ఆ ఈమెయిల్ కూడా దానితో పాటే ఆగిపోతుంది, హెచ్చరిక రాదు, పాస్‌వర్డ్ మార్చుకునే లింకు కూడా రాదు. సైటుతో సంబంధం లేని వేరే ఈమెయిల్ ఇవ్వండి, వీలైతే మీ ఆయన ఫోన్ నంబరును కూడా రెండోదిగా చేర్చండి.

కాళహస్తి_కలంకారీ · శుక్రవారం, రాత్రి 9:52

మీరు చెప్పినట్టే ఉంది తమ్ముడూ, సైటు ఈమెయిలే ఇచ్చాను. ఇప్పుడే మార్చాను.